ఎవరితో అనవచ్చు, ఎవరితో అనరాదు

ఇంగ్లండులో డెవన్ ప్రభువు భూమిని కౌలుకు చేస్తున్న ఒక రైతు, కొట్టం తలుపు బాగుచేయించమని ప్రభువుగారి ఏజంటును కోరాడు. ఏజంటు ఒక వడ్రంగిని పంపాడు. అతడు పని సరిగా చేయలేదు సరికదా, పనివేళ తప్పతాగాడు. నేలమాళిగ తలుపు పగులగొట్టి ఆపిల్ సారా తాగింది అతడేనని రైతు నమ్మాడు. ఆ మాట మూడు సందర్భాలలో అన్నాడు: తోటి పనివాడు వింటుండగా వడ్రంగి మొహంమీదే ఒకసారి, వడ్రంగి లేనప్పుడు ఆ తోటి పనివాడితో ఒకసారి, ఏజంటుతో ఇంకొకసారి.

వడ్రంగి పరువునష్టం దావా వేశాడు. 1834లో తీర్పు చెప్పిన న్యాయమూర్తి పార్క్, నింద నిజమా కాదా అన్న ప్రశ్నను పక్కనపెట్టి, అది ఏ సందర్భంలో వెలువడిందో చూశాడు. మనిషిని పంపిన ఏజంటుకు ఫిర్యాదు చేయడం సహజం. అందుకు రక్షణ ఉంది. ముఖాముఖి నిలదీసినప్పుడు మూడోవాడు పక్కన ఉన్నంతమాత్రాన రక్షణ తొలగిపోదు. కాని వడ్రంగి పరోక్షంలో ఆ తోటి పనివాడికి చెప్పవలసిన అవసరమేమిటి? ఆ మాటకు మాత్రం రక్షణ లేదు.

ఈ రక్షణకే ఆంగ్ల న్యాయశాస్త్రంలో ‘క్వాలిఫైడ్ ప్రివిలెజ్’ అని పేరు. ఇక్కడ ‘క్వాలిఫైడ్’ను ‘అర్హత గల’ అని తెనిగిస్తే అర్థం తలకిందులవుతుంది. ‘షరతులకు లోబడిన’ అనాలి. శాసనసభలో సభ్యుడు చేసే ప్రసంగానికి పరువునష్టం దావాల నుండి సంపూర్ణ రక్షణ. ద్వేషంతో మాట్లాడినా దావా నిలవదు. షరతులకు లోబడిన రక్షణ అలా కాదు. చెప్పేవానికి చెప్పవలసిన బాధ్యతో ప్రయోజనమో ఉండాలి, వినేవానికి విన హక్కు ఉండాలి, దురుద్దేశం ఉండరాదు.

ఈ గీత ఎంత సన్ననిదో 1930 నాటి లా రిపోర్టుల్లోని మరొక కేసు చూపుతుంది. కాసాబ్లాంకాలో పనిచేసే ఒక కంపెనీ అధికారి నడవడి మంచిది కాదని ఆరోపిస్తూ, కంపెనీ డైరెక్టరు ఒకరికి ఉత్తరం వచ్చింది. ఆయన దానిని కంపెనీ అధ్యక్షుడికి చూపాడు. అధికారి భార్యకూ చూపాడు. అధ్యక్షుడికి చూపడం బాధ్యతే అన్నది న్యాయస్థానం. భార్యకు చూపడం మాత్రం కాదన్నది. వినడంలో ఆమెకు ప్రయోజనం ఉన్నా, విచారించకుండా చెప్పవలసిన బాధ్యత ఆయనకు లేదని తర్కం. అందరికంటే ఎక్కువ నష్టపోగల మనిషి ఆమె కదా! నాకీ తీర్పు కొంత కఠినంగానే తోస్తుంది.

మన దేశంలో మెకాలే ముసాయిదాకు వారసత్వంగా వచ్చిన 1860 శిక్షాస్మృతి, 499వ సెక్షనులో పది మినహాయింపులు ఇచ్చింది. 2024 జూలై 1 నుండి అవి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులో ఉన్నాయి. వాటి ఉదాహరణలలో సంసారపక్షమైన లోకజ్ఞానం ఉంది: నౌకరు నడవడిని యజమానికి, పిల్లవాడి నడవడిని తండ్రికి సద్భావంతో ఫిర్యాదు చేస్తే నేరం కాదు, ‘ఫలానావాడి నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు, రొక్కమిస్తేనే సరుకు ఇయ్యి’ అని దుకాణదారు తన గుమాస్తాతో చెప్పినా నేరం కాదు. పెళ్ళిసంబంధం విచారించుకొనేందుకు వచ్చినవారిని మేలుకోరి హెచ్చరించే ఇరుగుపొరుగువారికి పదో మినహాయింపు అండగా నిలువగలదు. అదే మాట రచ్చబండమీదనో వాట్సాప్ గ్రూపులోనో అంటే సంగతి వేరు.

అసలు చిక్కు ‘సద్భావం’ అనే మాటలో ఉంది. 1974లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్, బోల్టన్ పురపాలక సభ్యుడొకరి కేసులో, వక్త తన మాటను నిజమని నమ్మితే చాలు, ఆ నమ్మకం పక్షపాతంతో పుట్టినా రక్షణ పోదని తేల్చింది. మన శిక్షాస్మృతి నిర్వచనం అంత ఉదారం కాదు: తగిన శ్రద్ధాసక్తులు లేకుండా చేసినదేదీ సద్భావంతో చేసినట్లు కాదు. మన సివిలు దావాలకు ప్రత్యేక శాసనం లేదు. న్యాయస్థానాలు ఆంగ్ల సూత్రాలనే ఆశ్రయిస్తాయి. కనుక విచారించకుండా, కాని నమ్మి రాసిన ఒకే ఉత్తరం సివిలు కోర్టులో గట్టెక్కి, క్రిమినలు కోర్టులో చిక్కుపడవచ్చు.

ఆ శ్రద్ధను రుజువు చేసే భారం ముద్దాయిదే. అయితే భారం ఎంత? పంజాబు ముఖ్యమంత్రి కుమారునిపై పత్రికాముఖంగా ఆరోపణ చేసిన హర్భజన్ సింగ్ కేసులో 1965లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ప్రాసిక్యూషను వలె అనుమానానికి తావులేకుండా నిరూపించనక్కరలేదు. సంభావ్యత తనవైపు మొగ్గుతున్నదని చూపితే చాలు. తొమ్మిదో మినహాయింపు కింద ఆయన నిర్దోషిగా విడుదలయ్యాడు.