పాస్‌వర్డ్ కన్నా ముందు రూలు దొరుకుతుంది

పోయిన సెలవుల్లో మా ఊరు కలకడ పోయినప్పుడు, మా అవ్వకి ఈ-ఆధార్ తీయిద్దామని నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ఓటీపీ చెప్పాను, పీడీఎఫ్ దిగింది. ఓపెన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది. అదేంటో నేను ఫోన్‌లో వెతుక్కునే లోపలే అక్కడున్న అన్న టకటకా ఎనిమిది కీలు నొక్కేశాడు. ఫైల్ తెరుచుకుంది.

"అన్నా, మా అవ్వ పాస్‌వర్డ్ నీకెట్లా తెలుసు?" అన్నాను.

"దాంట్లో తెలిసేదేముందప్పా? పేరులో మొదటి నాలుగు అక్షరాలు క్యాపిటల్స్‌లో, తర్వాత పుట్టిన సంవత్సరం. అందరికీ అదే కదా!" అని ప్రింట్ కొట్టినాడు.

అప్పుడే స్క్రీన్ మీద డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కనపడింది. వరసగా ఈ-ఆధార్ ఫైళ్ళు. అన్నిటికీ తాళం ఉంది. ఆ తాళంచెవి ఎట్లా తయారవుతుందో మాత్రం ఊరందరికీ తెలుసు. అన్న చేసిన తప్పేమీ లేదు, ఆ రూలు ఆధార్ సంస్థే అందరికీ చెబుతుంది. కానీ మనిషి పేరు తెలిస్తే మిగిలేది సంవత్సరం ఒక్కటే. గత నూరేళ్ళూ వరసగా కొట్టినా నూరు ప్రయత్నాలు. పీడీఎఫ్‌కి లాకౌట్ ఉండదు, ఎన్నిసార్లు తప్పు కొట్టినా ఊరుకుంటుంది.

మదనపల్లె బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఇదే ఆలోచన. మా సైబర్ సెక్యూరిటీ ఎలెక్టివ్‌లో ఒక్క లైన్‌లో చదివి వదిలేసిన పాఠం నాకు నెట్ సెంటర్‌లో అర్థమైంది.

దొంగ ముందు వీధి చూస్తాడు

ఇల్లు దోచే దొంగ ముందు రెండు రోజులు ఆ వీధిలో తిరుగుతాడు. కుక్క ఉందా, తాళం ఏ రకం, ఇంటివాళ్ళు ఎప్పుడు బయటికి పోతారు అని చూసుకుంటాడు. కంప్యూటర్‌లోకి చొరబడ్డవాడూ అంతే. దాడి చేసేవాళ్ళ పద్ధతులన్నిటికీ నంబర్లు వేసి మైటర్ అనే అమెరికా సంస్థ అటాక్ అనే పట్టిక తయారుచేసింది. అందులో టీ1201 అంటే పాస్‌వర్డ్ పాలసీని కనుక్కోవడం. కనీసం ఎన్ని అక్షరాలు ఉండాలి, ఎన్ని రోజులకు మార్చాలి, ఎన్ని తప్పులకు అకౌంట్ లాక్ అవుతుంది, ఎంతసేపటికి మళ్ళీ తెరుచుకుంటుంది? ఈ నాలుగూ తెలుసుకోవడమే అతని పని.

దీన్ని పరీక్షించడానికి రెడ్ కానరీ అనే కంపెనీ మొదలుపెట్టిన అటామిక్ రెడ్ టీమ్ అనే ఉచిత పరీక్షల సెట్ ఉంది. ఒక్కో పద్ధతికి చిన్న చిన్న కమాండ్లు ఉంటాయి. నా లాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకున్నాను. ఒకదాంట్లో కొత్త విండోస్ 11, ఇంకోదాంట్లో ఉబుంటు.

విండోస్‌లో అడ్మిన్ హక్కుల్లేని మామూలు యూజర్‌గా లాగిన్ అయ్యి "నెట్ అకౌంట్స్" అని కొట్టాను. అంతే, మొత్తం రూల్స్ వచ్చేశాయి. కనీస పొడవు 0, గరిష్ఠ గడువు 42 రోజులు, 10 తప్పులకు లాక్, లాక్ అయితే 10 నిమిషాలు. ఉబుంటులో లాగిన్ డెఫ్స్ అనే ఫైల్‌ని ఏ యూజరైనా చదవొచ్చు. పాస్‌వర్డ్ గడువు అందులో 99999 రోజులని ఉంది, అంటే 270 ఏళ్ళ పైమాటే. అసలు పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉండే షాడో ఫైల్‌ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. తాళంచెవి బీరువాలో ఉంది, దాన్ని ఎట్లా చెయ్యాలో గోడ మీద రాసి ఉంది.

రూలు తెలిస్తే ఏమవుతుంది?

ఒక లెక్క వేద్దాం. "ఒక క్యాపిటల్, ఒక అంకె, ఒక స్పెషల్ క్యారెక్టర్ తప్పనిసరి" అని రూలు ఉందనుకోండి. మనలో చాలామంది ఏం చేస్తాం? పేరు, ఎట్ గుర్తు, 123. నవ్వకండి, నా పాత పాస్‌వర్డ్ కూడా అదే.

దాడి చేసేవాడికి నా పేరు తెలుసు. గుర్తులు ఓ మూడు అనుకుందాం. చివర్లో 123, 1234, లేదంటే ఓ ఇరవై సంవత్సరాల్లో ఏదో ఒకటి. 3 × 22 = 66 ఊహలు. పది తప్పులకు లాక్ అవుతుందని ముందే తెలుసు కాబట్టి తొమ్మిది కొట్టి ఆగుతాడు. పది నిమిషాలు టీ తాగి, మళ్ళీ తొమ్మిది. అట్లా ఎనిమిది విడతలు, మధ్యలో ఏడు విరామాలు. గంటా పది నిమిషాల్లో పని పూర్తి. అకౌంట్ ఒక్కసారి కూడా లాక్ అవ్వదు. రూలు తెలియకుండా వచ్చినవాడైతే పదో తప్పుకి దొరికిపోయేవాడు.

ఇంకా తెలివైనవాడు ఒక్క మనిషి మీద పడడు. రెండువేల అకౌంట్ల మీద తలా ఒక ఊహ వేస్తాడు. దీన్నే పాస్‌వర్డ్ స్ప్రే అంటారు. ఇది పుస్తకాల ముచ్చట అనుకోవద్దు. మన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్‌కే 2023 నవంబరులో ఇది జరిగింది. మిడ్‌నైట్ బ్లిజర్డ్ అనే రష్యా ముఠా కొద్ది అకౌంట్ల మీద, లాక్ అవ్వనంత తక్కువగా ప్రయత్నాలు చేస్తూ పోయింది. రెండో దశ వెరిఫికేషన్ లేని ఒక పాత టెస్ట్ అకౌంట్ దొరికింది. అక్కణ్ణుంచి పెద్ద అధికారుల ఈమెయిల్స్ దాకా వెళ్ళారు. కంపెనీ దాన్ని పసిగట్టింది 2024 జనవరి 12న.

పరీక్షలో అసలు ప్రశ్న

నా స్క్రీన్ చూసి మా రూమ్మేట్, "కమాండ్ పనిచేసింది కదా మామా, టెస్ట్ పాసైనట్టేనా?" అన్నాడు. కమాండ్ ఎప్పుడూ పనిచేస్తుంది, అది విండోస్ ఇచ్చిందే. ఆ కమాండ్ కొట్టినట్టు ఎవరికైనా తెలిసిందా అన్నదే పరీక్ష. లాగ్స్ తెరిచి చూశాను. ఏమీ లేదు. నా మెషీన్‌లో నేనే దొంగని, నేనే కాపలావాణ్ణి, అయినా దొరకలేదు!

ఏ ప్రోగ్రాం మొదలైందో రాసిపెట్టే ఆడిట్ మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, కమాండ్ లైన్ కూడా నమోదయ్యే సెట్టింగ్ పెట్టి మళ్ళీ కొట్టాను. ఈసారి 4688 నంబరుతో ఎంట్రీ వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఎందుకంటే నెట్ అనే ప్రోగ్రాం లోపల నెట్1 అనే ఇంకోదాన్ని పిలుస్తుంది. అడ్మిన్ కూడా ఈ కమాండ్ వాడతాడు కాబట్టి ఎంట్రీ కనపడగానే దొంగ అని కేకలేయలేం. కానీ అకౌంట్స్ సెక్షన్‌లోని కంప్యూటర్ నుంచి అర్ధరాత్రి రెండింటికి ఎవరో లాకౌట్ రూలు అడిగితే, అది అడగాల్సిన ప్రశ్నే.

మరి రూలుని దాచాలా?

దాచలేం. ఆఫీసు నెట్‌వర్క్‌లో మామూలు యూజర్ ఎవరైనా చదవగలడు. శత్రువుకి పద్ధతంతా తెలిసినా తాళంచెవి ఒక్కటి రహస్యంగా ఉంటే చాలు అన్నట్టు వ్యవస్థ ఉండాలని కెర్క్‌హాఫ్స్ 1883లోనే రాశాడు. కాబట్టి తెలిసినా నష్టం లేని రూలు పెట్టుకోవాలి.

క్యాపిటల్, అంకె, గుర్తు, తరచూ మార్పు అనే రూల్స్ వ్యాపించడానికి ఒక ముఖ్య కారణం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన ఒక పాత పత్రం. దాన్ని రాసిన బిల్ బర్ తర్వాత 2017లో ఆ సలహాల గురించి చింతిస్తున్నానని ఒప్పుకున్నాడు. అదే ఏడాది నిస్ట్ కూడా మాట మార్చింది. గుర్తులు పెట్టమని బలవంతం చెయ్యొద్దు, ఊరికే గడువు పెట్టి మార్పించొద్దు, పొడవైనవి ఒప్పుకోండి, ఇప్పటికే లీకైన పాస్‌వర్డ్‌లను రానివ్వొద్దు అంది. "పొడవుగా ఉండాలి" అనే రూలు తెలిసినా దొంగకి ఒరిగేదేమీ లేదు.

మనం చెయ్యగలిగింది ఇదీ: ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి పాస్‌వర్డ్ పెట్టుకోండి. సినిమా డైలాగులూ, సామెతలూ వద్దు. రెండో దశ వెరిఫికేషన్ ఆన్ చెయ్యండి. ఇంకో మాట, ఈ పరీక్షలు మీ సొంత మెషీన్‌లోనే చెయ్యండి. కాలేజీ సర్వర్ మీద అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు.

మొన్న మళ్ళీ కలకడ పోయినప్పుడు ఆ నెట్ సెంటర్‌లో కూర్చుని, అన్నకి నూరు ప్రయత్నాల లెక్క చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మది కూడా దీంట్లోనే ఉండాది కదప్పా" అన్నాడు. ఇద్దరం కలిసి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేశాం. రీసైకిల్ బిన్ కూడా. ఇప్పుడు ప్రింట్ అయిన వెంటనే ఫైల్ తీసేస్తున్నాడంట. మీ ఊళ్ళో నెట్ సెంటర్‌కి పోయినప్పుడు, లేచొచ్చే ముందు ఆ ఫోల్డర్ ఒక్కసారి చూడండి.