స్నేహితుల జవాబు చెప్పగలరా? పాత పరిచయాలకూ పరీక్ష పెట్టే చీటీల ఆట

భిలాయి: పండుగనాడో, పదవీ విరమణ విందులోనో నలుగురు చేరినప్పుడు ఆడే తేలికపాటి ఆట ఒకటుంది. ఒకరు ఒక ప్రశ్నకు తమ జవాబును చీటీపై రాసి మడిచి పెడతారు. ఆ జవాబు ఏమై ఉంటుందో మిగిలినవారు ఊహించి రాస్తారు. చీటీలు విప్పాక సరిపోలినవారికి ఒక మార్కు. ‘కోపం వస్తే అరుస్తారా, మాట్లాడటం మానేస్తారా?’ వంటి ప్రశ్నలు చాలు. అమెరికాలో ఏబీసీ టెలివిజన్ 1966లో ప్రారంభించిన ‘ది న్యూలీవెడ్ గేమ్’ కొత్త దంపతులతో ఆడించింది ఇలాంటి ఆటనే.

భిలాయి టౌన్‌షిప్‌లో అన్నిటికన్నా చిక్కైన ప్రశ్న ‘మీ ఊరేది?’ కావచ్చు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఉక్కు కర్మాగారానికి దేశం నలుమూలల నుంచి కార్మికులు తరలివచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు బెంగాలీ, మలయాళీ, ఛత్తీస్‌గఢీ కుటుంబాల పక్క క్వార్టర్లలో దశాబ్దాలు గడిపాయి. తండ్రి శ్రీకాకుళం వైపు పల్లె పేరు రాస్తే, సెక్టారులో పుట్టిన కొడుకు భిలాయి అని రాయవచ్చు. పొరుగువారు ఇద్దరికీ ఒకే జవాబు ఊహిస్తే ఒక మార్కు పోయినట్టే. ప్రశ్న భాషా ఫలితాన్ని మారుస్తుంది. హిందీలో ‘ఘర్’ అంటే ఉంటున్న ఇల్లూ కావచ్చు, సొంత ఊరూ కావచ్చు. తెలుగులో ఇల్లు వేరు, ఊరు వేరు.

పాత స్నేహితులు ఎందుకు తప్పుతారు? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విలియం స్వాన్, మైకేల్ గిల్ 1997లో ప్రచురించిన పరిశోధనలో ఒక సమాధానం ఉంది. ప్రేమజంటలలో బంధం పాతబడేకొద్దీ ఎదుటివారి గురించిన అంచనాలపై ధీమా పెరిగింది. ఆ అంచనాల కచ్చితత్వం మాత్రం దానితోపాటు పెరగలేదు. పరిచయం వృథా అని దీని అర్థం కాదు. అపరిచితులకన్నా మిత్రులే ఎదుటివారి ఆలోచనలను మెరుగ్గా పసిగడతారని 1992 నాటి మరో అధ్యయనం చూపింది.

మరో కారణం, మనిషి తననే కొలబద్దగా పెట్టుకోవడం. లీ రాస్ బృందం 1977లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను ప్రకటన బోర్డు తగిలించుకుని ప్రాంగణంలో తిరుగుతారా అని అడిగింది. ఒప్పుకున్నవారు 62 శాతం మంది ఒప్పుకుంటారని, నిరాకరించినవారు 67 శాతం మంది నిరాకరిస్తారని అంచనా వేశారు. చీటీల ఆటలోనూ చాలామంది ఊహించేది మిత్రుని జవాబును కాదు, తమ జవాబునే.

ఈ ధీమాను ఆటలోనే కొలవవచ్చు. ఊహ పక్కన ‘నమ్మకం పదికి ఎంత?’ అని అంకె వేయిస్తే చాలు. పది వేసి తప్పినవారి చీటీ దగ్గరే నవ్వులు ఎక్కువ. మార్కులు లెక్కించే తొందరలో చాలామంది వదిలేసే ఘట్టమూ అదే: ఆ జవాబు ఎందుకు రాశారని చీటీ రాసినవారిని అడగడం. పదవీ విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేసి వెళ్లే పొరుగువారిని అలా అడిగే అవకాశం మళ్లీ తేలికగా రాదు.