చదవని పుస్తకం - చెదరని ఆధారం: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంత నేపథ్యంలో పాత పుస్తకాల సేకరణ

వ్యాససంగ్రహం

చదివే వ్యవధికి మించి పాత పుస్తకాలు కొనడాన్ని లోకం వ్యసనంగానో, వృథావ్యయంగానో చూస్తుంది. తెలుగు ముద్రిత వాఙ్మయం విషయంలో ఈ అధికసేకరణే అనేక గ్రంథాల మనుగడకు తోడ్పడిందని ఈ వ్యాసం వివరిస్తుంది. అయితే కొనుగోలుతోనే ఆ పని పూర్తికాదు. జాబితా, పరిరక్షణ, అప్పగింత అనే మూడు బాధ్యతలు నెరవేరినప్పుడే వ్యక్తిగత సేకరణ పరిశోధనకు ఆధారమవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: పాత పుస్తకాలు, వ్యక్తిగత గ్రంథాలయాలు, ముద్రణ చరిత్ర, పరిరక్షణ, కొల్లేరు.

1. ప్రవేశిక

ఏడాదికి 40 పుస్తకాలు చదివే అధ్యాపకుడు 35 సంవత్సరాల ఉద్యోగకాలంలో చదవగలిగినవి 1,400. వారానికి మూడు చొప్పున పాత పుస్తకాలు కొంటే అదే కాలంలో ఇంటికి చేరేవి 5,460. అంటే దాదాపు నాలుగింట మూడువంతులు చదవకుండానే మిగిలిపోతాయి. ఈ లెక్క కొనేవారికి తెలియనిది కాదు. తెలిసీ కొంటారు.

ఈ ప్రవృత్తికి ఇతర భాషలలో పేర్లున్నాయి. కొని చదవకుండా పేర్చిపెట్టడాన్ని జపనీయులు 'త్సుందోకు' అంటారు. ఆంగ్ల గ్రంథకర్త థామస్ ఫ్రాగ్నాల్ డిబ్డిన్ 1809లో 'బిబ్లియోమేనియా' పేరుతో ఒక గ్రంథమే ప్రచురించి, పుస్తకాల పిచ్చిని వ్యాధిగా పరిహసించాడు. నసీమ్ నికొలస్ తాలెబ్ 2007లో వెలువరించిన 'ది బ్లాక్ స్వాన్'లో ఉంబెర్తో ఎకో గ్రంథాలయాన్ని ఉదాహరించి, చదివినవాటికన్నా చదవనివే విలువైనవని వాదించాడు. నిందించినా, సమర్థించినా ఈ దృష్టులు ప్రధానంగా పుస్తకానికీ, దాని యజమానికీ మధ్యనున్న సంబంధాన్నే చూస్తాయి. ఈరోజు కొనకపోయినా ఆ పుస్తకం మరెక్కడో దొరుకుతుందన్న భరోసా వాటి వెనుక ఉంది. తెలుగు పుస్తకాలలో చాలావాటికి ఆ భరోసా లేదు.

2. పాత పుస్తకం ప్రయాణం

ఒక తరం చదువరి మరణించడం, బదిలీ కావడం, పాత పెంకుటిల్లు పడగొట్టడం - ఈ సందర్భాలలోనే ఇంటి పుస్తకాలు ఎక్కువగా బయటికి వస్తాయి. వారసులకు ఆసక్తి లేకపోతే అవి చిత్తుకాగితాల దుకాణానికి తూకానికి చేరుతాయి. అక్కడ ఏరినవి పాత పుస్తకాల అంగళ్లకు, మిగిలినవి కాగితపు గుజ్జుకు వెళ్తాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ చెన్నై-హౌరా రైలుమార్గంలో ఉన్నందున ఈ ప్రాంతపు సేకర్తలకు విజయవాడ లెనిన్ సెంటర్ అంగళ్లు అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాటల మీద సాగే అమ్మకాలు కూడా ఇటువంటివే. ఈ అంగళ్లలో ఒక ప్రతి ఒక్కసారే కనబడుతుంది. తీరిక చూసుకొని కొందామనుకుంటే తిరిగి కనబడకపోవచ్చు.

ఏలూరు ముద్రణ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో ఇక్కడి మంజువాణీ ముద్రాక్షరశాల నుండి తెలుగు గ్రంథాలు వెలువడ్డాయి. పాఠ్యగ్రంథాల ప్రచురణలో పేరొందిన వెంకట్రామా అండ్ కో సంస్థకు కూడా ఏలూరే పుట్టినిల్లు. పాఠ్యపుస్తకాన్ని తరగతి గడిచాక దాచుకునేవారు తక్కువ. పంచాంగాన్ని ఉగాది దాటాక దాచుకునేవారు ఇంకా తక్కువ. వేలకొద్దీ అచ్చయినవే నేడు అరుదు కావడానికి కారణమిదే. విద్యాచరిత్ర, వర్ణక్రమ పరిణామం, వాచక భాష పరిశీలించే పరిశోధకునికి కావలసినవి సరిగ్గా ఇవే. ఎవరూ చదవడానికి కొనని పుస్తకాన్ని ఎవరో ఒకరు ఊరికే కొనిపెట్టడం వల్లనే అవి లభిస్తున్నాయి.

పైగా పాత ప్రతి పాఠాన్ని మాత్రమే అందించదు. తొలిపుటలోని సంతకం, బహుమతిగా ఇచ్చిన సందర్భం, పఠనమందిరపు రబ్బరుముద్ర, అంచుల్లోని పెన్సిలు రాతలు ఆ పుస్తకాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా చదివారో చెబుతాయి. 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడిన నాటినుండి పల్లెలకు వ్యాపించిన పఠనాలయాలలో మూతబడినవాటికి ఇటువంటి ముద్రలే ఆనవాళ్లుగా మిగలవచ్చు.

3. అధికసేకరణ ఫలితాలు

అవసరానికి మించిన సేకరణ తెలుగుకు చేసిన మేలుకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798-1884) కృషి తొలి నిదర్శనాలలో ఒకటి. ఆయన ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, పాఠాలు పరిష్కరింపజేశాడు. చదువుకోవడానికి ఒక్క ప్రతి చాలు, పాఠనిర్ణయానికి చాలదు. ఆ ప్రతులు నేడు చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రచించిన ఆరుద్ర (1925-1998) పుస్తకాలు హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. గుంటూరులోని అన్నమయ్య గ్రంథాలయానికి లంకా సూర్యనారాయణ జీవితకాలపు సేకరణే పునాది. ప్రతి గ్రంథానికీ ఒక పాఠకుడుంటాడన్న భావన రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలలో మూడవది. ఆ పాఠకుడు కొన్నవాడే కానక్కరలేదు. అతడు వచ్చేవరకు పుస్తకం నిలిచి ఉండాలి.

4. తేమ, చెద, వరద

నిలిచి ఉండడమే ఈ ప్రాంతంలో కష్టం. ఇరవయ్యో శతాబ్దిలో చౌకగా వాడిన యాంత్రిక గుజ్జు కాగితంలో లిగ్నిన్ మిగిలి ఉంటుంది. పటిక కలిపిన పూత వల్ల ఆమ్లగుణం చేరుతుంది. ఆమ్లం, తేమ, వేడి కలిసి సెల్యులోజ్ గొలుసులను తెంచుతాయి. అందువల్ల కాగితం పచ్చబడి, మడిస్తే విరిగిపోతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం దాటి చాలాకాలం కొనసాగితే బూజు పడుతుంది. కాలువలు, చేపలచెరువులు, వరిచేలు చుట్టుకొన్న కొల్లేటి లంకగ్రామాలలో వానకాలమంతా ఇదే స్థితి.

తమ్మిలేరు ఏలూరు పట్టణం మీదుగా కొల్లేరు చేరుతుంది. బుడమేరు కూడా అక్కడికే చేరుతుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలోని ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. సంస్థలకూ ఈ ముప్పు తప్పదు. 2000 ఆగస్టు వరదల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీరు చేరి అరుదైన గ్రంథాలు తడిశాయి. ఒక వ్యక్తి యాభై ఏళ్లలో కూడబెట్టినదాన్ని నేలమీది అట్టపెట్టెల్లో ఉంచితే ఒక్క రాత్రి చాలు.

5. సేకర్త బాధ్యతలు

మొదటిది జాబితా. గ్రంథకర్త, గ్రంథనామం, ముద్రణాలయం, స్థలం, సంవత్సరం, ముద్రణసంఖ్య, కొన్నచోటు, లోపలి ముద్రలు నమోదు చేయాలి. గ్రంథాలయ ముద్ర ఉండి, తొలగించినట్లు గుర్తు లేని ప్రతిని ఆ గ్రంథాలయానికి తెలియజేయడం ధర్మం.

రెండవది పరిరక్షణ. పుస్తకాలను నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా, గాలి ఆడేచోట నిలబెట్టాలి. వేపాకు, వసకొమ్ము పురుగును కొంత ఆపగలవు కాని తేమను ఆపలేవు. రచయిత మరణానంతరం 60 ఏళ్లు గడిచి, హక్కుల గడువు తీరిన పుస్తకాలను స్కాన్ చేయించవచ్చు. అయితే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతులలో పుటలు తప్పిపోయినవి ఉన్నాయి. వాటిని సరిచూడటానికి అచ్చుప్రతే శరణ్యం.

మూడవది అప్పగింత. జాబితా లేని వేల పుస్తకాలను స్వీకరించడం ఏ కళాశాల గ్రంథాలయానికైనా భారమే. వాటిలో ఏది అరుదో, ఏది తమవద్ద ఇదివరకే ఉందో వారికి తెలియదు. కనుక ఎవరికి ఏమి చేరాలో సేకర్త జీవించి ఉండగానే, కుటుంబానికి తెలిసేలా రాతపూర్వకంగా నిర్ణయించాలి.

6. ముగింపు

చదవగలిగినదానికన్నా ఎక్కువ కొనడం తెలుగు పరిస్థితులలో దోషం కాదు. పునర్ముద్రణ లేని పుస్తకానికి అది తాత్కాలిక ఆశ్రయం. సేకర్త వాటికి పాఠకుడు కాలేకపోయినా కాపరి కాగలడు. కాపరితనం రాతలో లేకపోతే, తూకానికి వచ్చిన పుస్తకం యజమాని తదనంతరం మళ్లీ తూకానికే పోతుంది. అప్పుడు అంతకుముందు తప్పించుకొన్న గుజ్జు గుంటకే అది చేరవచ్చు.