అనువాదకుడూ రచయితే: ఖరగ్‌పూర్ తెలుగువారికి చట్టం చెప్పే మాట

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. ఇంట తెలుగు, వీధిలో బంగ్లా వినిపించే ఈ రైలు పట్టణంలో చేయి తిరిగిన వారెవరైనా బంగ్లా కథను తెనిగించాలనుకోవడం సహజం. అప్పుడు ఆ తెలుగు కథకు రచయిత ఎవరు? ఇదే పట్టణంలోని ఐఐటీలో 2006లో ఏర్పడిన మేధో సంపత్తి న్యాయ విద్యాలయంలో బోధించే శాస్త్రం ఇటువంటి ప్రశ్నలకు సంబంధించినదే.

1957 నాటి కాపీరైటు చట్టం ఊహకు కాక, ఊహ ధరించిన రూపానికి రక్షణ ఇస్తుంది. ఆర్.జి. ఆనంద్ రాసిన 'హమ్ హిందుస్తానీ' నాటకానికీ, 'న్యూఢిల్లీ' చిత్రానికీ ప్రాంతీయ దురభిమానమే ఇతివృత్తం. అయినా అది చౌర్యం కాదని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదు. కేవలం శ్రమ పడితే చాలదని, కొంతైనా సృజన ఉండాలని 2007లో అదే న్యాయస్థానం మరో కేసులో చెప్పింది.

అనువాదం ఈ పరీక్షకు నిలుస్తుంది. మూలం కాపీరైటులో ఉంటే హక్కుదారు అనుమతి తప్పనిసరి. అనుమతితో చేసిన అనువాదానికి మాత్రం అనువాదకుడే రచయిత. శరత్‌చంద్రుడు 1938లో కన్నుమూశారు. ఆయన మూల రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. ఆయన నవలలను తెలుగు చేసిన చక్రపాణి 1975లో మరణించారు. రచయిత మరణానంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది గనుక, ఆ తెలుగు పాఠాలకు 2035 డిసెంబరు 31 వరకు రక్షణ ఉంది. శరత్ తెలుగువాడేనని ఒకప్పుడు పాఠకులు భ్రమపడ్డారంటే అందులో చక్రపాణి వాటా చిన్నది కాదు. ఈ 60 ఏళ్ల గడువు వెనుకా ఒక బెంగాలీ కవి ఉన్నారు. రవీంద్రుని రచనల హక్కులు 1991 చివర ముగియనుండగా, అప్పటివరకు 50 ఏళ్లుగా ఉన్న గడువును కేంద్రం పెంచింది.

రైల్వే ఉద్యోగికి మరో చిక్కు ఉంది. విధి నిర్వహణలో రాసిన నివేదికపై, వేరే ఒప్పందం లేకుంటే, తొలి హక్కు ప్రభుత్వానిదే. డ్యూటీ దిగాక, తన తీరికలో రాసుకున్న కథ మాత్రం అతనిదే. దాన్ని నమోదు చేయించడం తప్పనిసరి కాదు. కాగితం మీదికి వచ్చిన క్షణానే హక్కు పుడుతుంది. వివాదం న్యాయస్థానానికి చేరితే మాత్రం నమోదు పత్రం ప్రాథమిక సాక్ష్యంగా అక్కరకు వస్తుంది.