చెప్పుల పెట్టెలో మడ అడవి

ఖాళీ చెప్పుల పెట్టెలో ఒక దృశ్యాన్ని లోతుతో సహా చూపే నమూనాయే డయోరమా. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవి ఇందుకు చక్కని అంశం.

మూత తీసిన పెట్టెను, తెరిచిన వైపు ముందుకు వచ్చేలా పక్కకు నిలపాలి. వెనుక గోడపై లేత రంగులతో ఆకాశం, మధ్యలో అట్ట చెట్లు, ముందు బంకమట్టి నేల అమర్చాలి. మట్టిలో నిలువుగా గుచ్చిన చీపురు పుల్లలే శ్వాసవేర్లు. బురదలో గాలి అందక కొన్ని మడచెట్ల వేర్లు పైకి పొడుచుకు వస్తాయన్న పాఠం అక్కడే బోధపడుతుంది. నీటి అంచున చేపకై పొంచిన బావురు పిల్లిని చేర్చవచ్చు.

అలంకరణకు వాడే థర్మోకోల్‌పై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. కనుక పాత అట్ట, మట్టి, పుల్లలే మేలు. పెద్దలు కత్తెర పనిలో సాయపడితే చాలు. ఏది ఎక్కడ, ఎందుకు ఉండాలో విద్యార్థే నిర్ణయించాలి.