కొండకు కోపమొస్తే...

కింద ఏరు, పైన కొండ... మధ్యలో బెజవాడ. ఏటికి గోడ కట్టుకున్నాం. మరి కొండకో? మారుతున్న వాతావరణం ఇప్పుడు మెట్ల మీది ఇళ్ల తలుపులు తడుతోంది.

కృష్ణకు వరదొచ్చిందంటే చాలు, బెజవాడలో ఒక మాట వినపడి తీరుతుంది. ఏదో ఒకనాడు కృష్ణమ్మ పొంగి కొండమీది దుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందట! బ్రహ్మంగారు చెప్పారంటూ తాతలు మనవలకు చెబుతారు. బ్యారేజీ మీద నిలబడి నీళ్లకేసి చూసేవాళ్లంతా ఓసారి తలెత్తి కొండకేసి కూడా చూస్తారు... ఇంకా ఎంత ఎత్తుందో అన్నట్టు.

2024 ఆగస్టు 31, శనివారం. అప్పుడూ అందరి చూపూ ఏటి మీదే ఉంది. ఏకధాటిగా వాన. నగరంలో రోడ్లు కాలువలయ్యాయి. ప్రమాదం మాత్రం ముందుగా కింది నుంచి రాలేదు. పై నుంచి వచ్చింది. మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియ విరిగి, కింద ఉన్న ఇళ్ల మీద పడింది. బండరాళ్ల కింద కొందరి బతుకులు అక్కడే ఆగిపోయాయి.

ఆ మర్నాటికి బుడమేరు ఊరి మీద పడింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం... ఎటు చూసినా నీళ్లే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. 2009 అక్టోబరు నాటి రికార్డునూ అది దాటేసింది. అంత పెద్ద జలప్రళయంలో కొండ సంగతి ఓ మూలకు పోయింది. పడవల్లో పాలపొట్లాలు పంచుతున్న రోజుల్లో విరిగిన రాళ్ల గురించి ఎవరు మాట్లాడతారు?

ఆ మాట ఇప్పుడు మాట్లాడుకుందాం.

బెజ్జం పడిన ఊరు

పూర్వం కృష్ణమ్మకు ఇక్కడ కొండలు అడ్డొచ్చాయనీ, వాటికి బెజ్జం పెట్టుకుని దారి చేసుకుందనీ, అదే బెజ్జంవాడ, బెజవాడ అయిందనీ ఒక కథ. కథ మాటెలా ఉన్నా, ఊరి స్వరూపం మాత్రం అదే. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ... రెండింటి మధ్య ఇరుకు దారిలోంచి నది. అంత అనువైన చోటు కాబట్టే 1850ల్లో అక్కడ ఆనకట్ట కట్టారు. తర్వాత 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టా అంతా పచ్చబడింది.

డెల్టా అనగానే మనకు వరిచేలు, కొబ్బరిచెట్లు, చదునైన నేల గుర్తుకొస్తాయి. కానీ డెల్టా ముఖద్వారమైన బెజవాడ మాత్రం సగం కొండల ఊరే. మొగల్రాజపురం, గుణదల, మాచవరం, క్రీస్తురాజపురం, కొత్తపేట, చిట్టినగర్, విద్యాధరపురం... ఏ పేట చివరికెళ్లినా ఒక కొండ, దాని మీదికి మెట్లు, ఆ మెట్ల పక్కన ఇళ్లు. అన్నిటినీ కలిపి చూస్తే, నగరం నెత్తిన ఇంకో చిన్న కొండ ఊరు కాపురం ఉన్నట్టే. కాకపోతే ఊటీకో అరకుకో ఉన్నట్టు దానికి పేరూ లేదు, చూడ్డానికి వచ్చే పర్యాటకులూ లేరు!

ఎవరుంటారక్కడ? కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, తాపీ పనివాళ్లు, ఆటో డ్రైవర్లు... పొద్దున్నే కొండ దిగి, ఆటోనగర్ షెడ్లలో వెల్డింగు పనికో, లారీ బాడీలకు రంగులేయడానికో పోయేవాళ్లూ ఉన్నారు. పల్లం మీద గజం స్థలం కొనే స్తోమత లేక, పనికి దగ్గరగా ఉంటుందని కొండెక్కినవాళ్లే ఎక్కువ. మొదట పాక. తర్వాత రేకులు. రెక్కల కష్టం కూడబెట్టుకుని ఆనక స్లాబు. గ్యాస్ బండైనా, మంచినీళ్ల బిందైనా, మంచాన పడ్డ ముసలమ్మైనా... అన్నిటికీ ఆ మెట్లే దారి.

రాయి ఎందుకు జారుతుంది?

'కొండలా నిలబడ్డాడు' అంటాం. కొండంత అండ అంటాం. కదలనిదానికి మనకున్న గుర్తు కొండ. మరి అలాంటి కొండ ఎందుకు కదులుతోంది?

బెజవాడ కొండలు తూర్పు కనుమల తాలూకు ముక్కలు. వీటిలో ఎక్కువగా కనిపించే రాయిని ఖోండలైట్ అంటారు. చాలా పాతది. పొరలు పొరలుగా ఉంటుంది. ఎండకూ వానకూ తేలిగ్గా క్షయిస్తుంది. మొగల్రాజపురంలోనూ, కొండ దిగువన అక్కన్న మాదన్న గుహల్లోనూ పూర్వపు శిల్పులు కొండను తొలిచి గుళ్లు చేయగలిగారంటే రాయి ఉలికి లొంగిందనే అర్థం. ఉలికి లొంగింది నీటికి లొంగదా? పగుళ్లలోకి నీరు దిగుతుంది. లోపలి మట్టిని మెత్తబరుస్తుంది. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య పట్టు సడలుతుంది. ఏదో ఒక గట్టి వానకు పై పొర జారిపోతుంది.

దీనికి మనం చేసే సాయం కూడా తక్కువేం కాదు. ఇంటికి చదును కావాలని కొండ వాలును నిలువునా తొలుస్తాం. అంటే పైనున్న బరువును మోస్తున్న పాదాన్నే నరికేస్తున్నామన్నమాట. చెట్లు కొట్టేస్తాం. మట్టిని పట్టుకునే వేళ్లు పోతాయి. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, కారే కుళాయి గొట్టాల నీళ్లు కాలువ లేక కొండలోకే ఇంకుతాయి. వానాకాలం ఏడాదికి నాలుగు నెలలే. ఈ ఊట మాత్రం పన్నెండు నెలలూ!

ఓ చిన్న లెక్క చూడండి. రెండు సెంట్ల జాగా మీద పది సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. ఎంత నీరు? సుమారు ఎనిమిది వేల లీటర్లు. అంటే ఎనిమిది టన్నులు. ఆటోనగర్లో కట్టే మామూలు లారీకి దాదాపు ఒక లోడు! ఒక్క ఇంటి జాగా మీదే అంత. కొండ మొత్తం మీద ఎన్ని లారీలో ఊహించుకోండి. అదంతా పక్కకు పోవడానికి కాలువ ఉంటే సరేసరి. లేకపోతే ఎటు పోతుంది? కొండలోకే.

వాన తీరు మారింది

'ఇదివరకూ వానలు కురిశాయి కదా, అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?' అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ వాన తీరు మారింది. వారం రోజులు ముసురు పట్టి కురిసే వాన ఒకటీ రెండు రోజుల్లోనే కుమ్మరిస్తోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలుగుతుంది. పట్టుకున్నదంతా ఎప్పుడో ఒకప్పుడు వదలాల్సిందే కదా! 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీల దాకా పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో లెక్క చెప్పింది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950-2015 మధ్య మూడు రెట్లయ్యాయని శాస్త్రవేత్తలు తేల్చారు.

ఏ ఒక్క వాననో చూపించి 'ఇది వాతావరణ మార్పు వల్లే' అనేయడం తొందరపాటు. దానికి విడిగా లెక్క కట్టాలి. అలా కట్టిన లెక్క ఒకటుంది. 2024 జులై 30న కేరళలోని వయనాడులో కొండ విరిగి ముండక్కై, చూరల్‌మల గ్రామాలను ఊడ్చేసింది. రెండొందల మందికి పైగా చనిపోయారు. భూతాపం వల్ల ఆనాటి వాన దాదాపు పది శాతం ఎక్కువగా కురిసిందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఒకటి అంచనా వేసింది. పది శాతమేగా అనిపిస్తుంది. కానీ అంచున ఉన్న బండకు ఆ పది శాతమే చాలు!

అంత దూరం ఎందుకు? 2021 డిసెంబరు 1న తిరుమల ఘాట్ రోడ్డులో బండరాళ్లు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. మన ఇంద్రకీలాద్రి మీదే 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాల్లో, ముఖ్యమంత్రి రావడానికి కాసేపటి ముందు కొండచరియ పడింది. గుడి దగ్గర కాబట్టి అది అందరికీ తెలిసింది. మెట్ల మీది పేటల్లో రాత్రిపూట జారే చిన్న రాయి సంగతి ఆ వీధికే తెలుస్తుంది.

వాన ఒక్కటే కాదు. ఎండ కూడా. తెల్లదొరలు ఈ ఊరిని 'బ్లేజ్‌వాడ' అన్నారని ఓ ముచ్చట చెబుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో, మళ్లీ 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి, వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. పగలంతా కాగిన బండ రాత్రంతా సెగలు కక్కుతుంది. కొండ మీద రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు పొద్దుగూకినా ఎండ పోదు. పగలు ఆటోనగర్ రేకుల షెడ్డులో వెల్డింగు మంట, రాత్రి ఇంట్లో రాతి సెగ... ఒంటికి తెరిపి ఎప్పుడు?

ఏటికి గోడ... కొండకో?

కృష్ణలంక పేరు చెబితే ఒకప్పుడు వరదే గుర్తొచ్చేది. ప్రతి పెద్ద వరదకూ సామాను నెత్తిన పెట్టుకుని బడుల్లో తలదాచుకున్న జనం వాళ్లు. దశలవారీగా కట్టిన రక్షణ గోడ 2024లో ఆ లంకను కాపాడింది. రికార్డు వరద వచ్చినా చాలా ఇళ్లు మునగలేదు. అంటే... తలుచుకుంటే అయ్యే పనే!

కొండకూ అలాంటి శ్రద్ధే కావాలి. కొండ అడుగున రాతి గోడ కట్టినంత మాత్రాన సరిపోదు. లోపలి నీరు బయటికి రావడానికి ఆ గోడలో రంధ్రాలుండాలి. లేకపోతే గోడ వెనక నీరు నిండి, కాపాడాల్సిన గోడే ఇళ్ల మీద పడుతుంది. ప్రతి మెట్ల దారికీ పక్కన సిమెంటు కాలువ, వాడుకనీటికి గొట్టం, వేలాడే బండలకు ఇనుప వల, ఖాళీ వాలు మీద వేళ్లు లోతుగా దిగే చెట్లు... ఇవేవీ రాకెట్లు ప్రయోగించడమంత కష్టమైన పనులు కావు. ఏ వీధి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే పటం ముందు కావాలి. కొండచరియల ముందస్తు హెచ్చరికల కోసం భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2024 జులైలో కోల్‌కతాలో ఒక జాతీయ కేంద్రాన్ని మొదలుపెట్టింది. అలాంటి హెచ్చరిక బెజవాడ మెట్లదాకా ఎక్కాలి.

'వాళ్లను అక్కడి నుంచి ఖాళీ చేయిస్తే పోలా?' అనేవాళ్లూ ఉన్నారు. చెప్పినంత తేలిక కాదు. ఊరికి పది కిలోమీటర్ల అవతల ఇల్లిస్తే, పొద్దున్నే మార్కెట్‌కు వచ్చే మనిషి కూలిలో సగం ఆటో ఛార్జీకే పోతుంది. మరీ ప్రమాదంగా ఉన్న ఇళ్లకు మాత్రం పనికి దగ్గర్లోనే వేరే చోటు చూపించక తప్పదు. మిగిలినవాళ్లకు ఉన్నచోటే భద్రత కల్పించాలి.

ఈ గుర్తులు కనిపిస్తే...

* గోడల్లో, నేలలో, మెట్లలో కొత్తగా చీలికలు వచ్చినా, పాతవి రోజురోజుకీ వెడల్పవుతున్నా అనుమానించాలి.
* ఎప్పుడూ బాగా పడే తలుపులు, కిటికీలు ఉన్నట్టుండి బిగుసుకుపోతే నేల కదులుతోందేమో చూసుకోవాలి.
* కరెంటు స్తంభం, చెట్టు, ప్రహరీ పక్కకు ఒరుగుతుంటే ఊరుకోకూడదు.
* కొండలోంచి కొత్త చోట నీరు ఊరినా, ఊరే నీరు బురదగా మారినా ప్రమాద సూచనే.
* చిన్న చిన్న రాళ్లు, మట్టి రాలుతున్న చప్పుడు వినిపిస్తే సామాను కోసం చూడకుండా పిల్లాపాపలతో పక్కకు వెళ్లిపోవాలి. జారే దారికి ఎదురుగా కిందికి పరుగెత్తకూడదు.
* భారీ వాన హెచ్చరిక ఉన్న రాత్రి, కొండను ఆనుకున్న గదిలో పడుకోవద్దు. వీలైతే ఆ రాత్రికి బంధువుల ఇంటికో, పునరావాస కేంద్రానికో వెళ్లడం మేలు.

చప్పుడు వినాలి

2024 వరద తగ్గాక బురద నిండిన ఆటోలు, బైకులు మరమ్మతు షెడ్ల ముందు బారులు తీరాయి. అప్పుడు మెకానిక్‌లు అందరికీ చెప్పిన మాట ఒకటే. మునిగిన బండిని ఆత్రంగా స్టార్ట్ చేయొద్దు, ఇంజిన్ పాడవుతుంది, ముందు లోపలి నీళ్లు తీయాలి అని. ఆటోనగర్లో పాత మేస్త్రీలకు ఇంకో విద్య కూడా తెలుసు. బండి మొరాయించడానికి ముందు వచ్చే చిన్న చప్పుడును పట్టేస్తారు. ఆ చప్పుడు విన్నప్పుడే నట్టు బిగిస్తే పదుల్లో పోతుంది. వినకపోతే నడిరోడ్డు మీద వేలల్లో.

కొండా అంతే. ఒక చీలిక, ఒక ఊట, ఒక రాలిన రాయి... ఇవన్నీ కొండ చేసే చప్పుళ్లు. కృష్ణమ్మ ఎంత ఎత్తుకు వచ్చిందో బ్యారేజీ గేట్ల దగ్గర గంట గంటకూ కొలుస్తున్నాం. మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అని చాటుతున్నాం. కొండను కొలిచేవాళ్లూ కావాలి. ఈసారి వాన మొదలైనప్పుడు ఏటికేసి చూసే కళ్లు ఒక్కసారి మెట్ల మీది దీపాలకేసీ తిరగాలి. ఆ ఇళ్లలో నిద్రపోయేవాళ్లు తెల్లారి దిగివస్తేనే కదా... మన ఊరు నడిచేది!