బ్రేకు వైరును చీలకుండ కోయుటకు చవుక సాధనములు

పాలక్యానులు, గడ్డిమోపులు, కూరగాయల బుట్టలు మోయుటకు సైకిలు నేటికిని మన కర్షకులకు అక్కరకు వచ్చు వాహనము. తడ మండలములో పొలమునుండి ఊరికి వచ్చువారు పలువురు 16వ జాతీయ రహదారిని దాటవలసియున్నది. బరువుతో నున్న సైకిలు అనుకొన్నచోట ఆగనియెడల కలుగు అపాయము వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి బ్రేకు సన్నని తీగపై ఆధారపడియున్నది. ఆ తీగను కోయు విధమును గూర్చి ఇచ్చట వివరించెదము.

పూర్వపు సైకిళ్లకు ఇనుప కడ్డీల బ్రేకులుండెడివి. తొడుగులోపల తీగను లాగి పనిచేయించు పద్ధతికి ఇంగ్లండులో ఎర్నెస్టు బౌడెన్ అనువారు 1896లో పేటెంటు పొందిరి. నేడు ఈ పద్ధతి సైకిళ్లకేగాక మోటారుసైకిళ్లకును, పవర్ టిల్లరుల క్లచ్చులకును వాడుకలోనున్నది.

తీగ నిర్మాణము

బ్రేకు తీగ చూచుటకు ఒక్కటిగానున్నను, నిజమునకు సన్నని ఉక్కుపోగులను పురిపెట్టి పేనిన త్రాడు. తరచుగా 19 పోగులుండును. మొత్తము మందము సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. మొద్దుకొడవలితో మోకును కోసిన కొన విచ్చుకొని కుచ్చువలె నగుట మనమెరిగినదే. సాధారణపు కటింగ్ ప్లయరుతో బ్రేకు తీగను కోసినపుడును ఇట్లే జరుగును. ఆ సాధనపు రెండంచులు తీగను ఇరుప్రక్కల నొక్కును గాని చుట్టును పట్టుకొనవు. తీగ చదునై, పోగులు ప్రక్కలకు జారి, పురి విడిపోవును. అట్టి కొన తొడుగులో దూరదు, వ్రేళ్లకు గ్రుచ్చుకొనును. పులికాటు సరస్సు మీదినుండి వీచు ఉప్పుగాలికి విడిన పోగులు త్వరగా త్రుప్పుపట్టి ఒక్కొక్కటిగ తెగును.

కావున సూత్రమొక్కటియే: కోయునపుడు పోగులు కదలకుండ చుట్టును బంధింపవలెను.

చవుక మార్గములు

మొదటిది, టేపు. కోయదలచినచోట విద్యుత్ పనివారు వాడు టేపును బిగువుగ మూడు నాలుగు చుట్లు చుట్టి, ఆ చుట్ల నడుమనే కోయవలెను. ఏ సాధనము వాడినను ఈ జాగ్రత్త మానరాదు.

రెండవది, ఉలి. ఇనుము కోయు ఉలియు, సుత్తియు, దాగలియు కమ్మరి కొలిమిలో నుండనే యున్నవి. దాగలి లేనిచో దళసరి ఇనుప దిమ్మ చాలును. తీగను దానిపై నుంచి, పదునైన ఉలిని నిట్టనిలువుగ నిలిపి, ఒకే గట్టి దెబ్బతో తెగగొట్టవలెను. మెల్లగ పలుమారు కొట్టినచో పోగులు చెదరును. ముక్క ఎగిరి కంటబడకుండ అవతలి కొనపై గోనెగుడ్డ కప్పవలెను.

మూడవది, మాటు. కోయుటకు ముందు ఆ చోట సాల్డరుతో మాటువేసిన పోగులన్నియు ఒక్కటై, కోసిన పిదపను విడవు. కాని స్టెయిన్‌లెస్ స్టీలు తీగకు సామాన్యపు మాటు అంటదని గుర్తుంచుకొనవలెను.

హ్యాక్సా బ్లేడు పండ్లు పోగులను పట్టి లాగును గనుక తీగకు తగదు. పైతొడుగు కొనను సరిచేయుటకు మాత్రము ఆకురాయి మిక్కిలి ఉపయోగించును. తొడుగును కోయునపుడు లోపలి తీగను ముందుగ తీసివేయవలెను. పిదప కొనను ఆకురాయితో సమముగ అరగదీసి, మూసికొనిన రంధ్రమును సన్నని మేకుతో తెరవవలెను.

సంఘమునకు ఒక కత్తెర

ఈ పనికే చేయబడిన కేబులు కత్తెరలు గలవు. వాని నోరు చిలుకముక్కువలె వంగియుండి, తీగను చుట్టునుపట్టి ఒక్కమారుగ కోయును. ఏడాదికొకటి రెండుమార్లు వాడుటకై ఒక్కొక్క రైతు దీనిని కొనుట వ్యర్థవ్యయము. సంఘమంతయు కలసి ఒకటి కొని కార్యాలయమున నుంచుకొనినచో ప్రతివానికిని పడు వంతు స్వల్పము. కొనునపుడు నోటిని మూసి వెలుతురుకెదురుగ పట్టి, అంచుల నడుమ సందు లేదని చూడవలెను. పాతతీగ ముక్కనొకదానిని అంగడిలోనే కోసి, ఆ కొన తొడుగులో సులభముగ దూరునేమో పరీక్షింపవలెను. దీనితో మేకులుగాని, సైకిలు పుల్లలుగాని, కంచెతీగగాని కోయరాదు, అంచు విరుగును. తీసికొనిపోవువారి పేరును, తిరిగి యిచ్చిన తేదీని పుస్తకమున వ్రాయుట మంచిది.

పని క్రమము

క్రొత్త తీగ కొన కర్మాగారముననే బిగింపబడి యుండును. కావున ముందు తీగను నూనె రాచి తొడుగులో దూర్చి, బ్రేకును సరిచేసి, మరను బిగించి, బ్రేకును గట్టిగ పలుమారు పట్టి చూచి, అటుపిమ్మటనే మిగిలిన తీగను కోయవలెను. మరకు ఆవల రెండు మూడు అంగుళములు విడువవలెను. ఆ కొనకు చిన్న లోహపు టోపీ తొడిగి నొక్కవలెను. అది దొరకనిచో సైకిలు పుల్లకు వేయు పాత నిపులు సరిపోవును.

పశువుల విషయమై హెచ్చరిక

కోసిన ముక్కలను పశువులకొట్టములోగాని, గడ్డివామి చెంతగాని పడవేయరాదు. ఆవులు, గేదెలు మేతను తొలుత సరిగ నమలక మ్రింగి, తరువాత నెమరువేయును. మేతతోపోయిన తీగముక్క తేనెపట్టువలె గడులున్న పొట్టలో నిలిచిపోవును. ఆ పొట్టకును గుండెకును నడుమనున్నది పలుచని పొరయే. తీగ దానిని చీల్చుకొని గుండెను చేరినచో పశువు దక్కుట దుర్లభము. కావున పనికి కూర్చుండునపుడే ప్రక్కన ఒక డబ్బా నుంచుకొని, ప్రతి ముక్కను లెక్కపెట్టి అందులో వేయవలెను.

శుభ్రముగ తెగిన కొన తొడుగులో దూరును, బ్రేకు పట్టును, వ్రేళ్లు గాయపడవు. ఇందుకు కావలసినది పెద్ద ధనము కాదు. కొంచెము టేపు, పదునైన ఉలి, ఓర్పుగల చేయి. వచ్చు సమావేశమున సంఘసభ్యులు కత్తెర విషయము ఆలోచించి నిర్ణయింతురని కోరుచున్నాము.